సమాధానం: మూడో రౌండ్లో దమ్ము ఆగిపోతోంది, రోజుకు ఎనిమిది సిగరెట్లు, ఆర్మీ భర్తీ ర్యాలీకి పది వారాలు

తమ్ముడూ, నువ్వు 1600 మీటర్లు 6:20 నిమిషాల్లో కొడుతున్నావంటే 400 మీటర్ల రౌండుకు 95 సెకన్లు. అగ్నివీర్ జీడీ (జనరల్ డ్యూటీ) పరుగులో 60 మార్కులు కావాలంటే 5:30, అంటే 82 సెకన్ల చొప్పున నాలుగు రౌండ్లు. పది వారాల్లో కష్టమే కానీ కానిది కాదు.

"రోజుకు రెండు సిగరెట్లకు తగ్గిస్తే చాలదా" అన్నావు. చాలదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటది. పొద్దున ఒకటి తాగి జేఎన్‌ఎస్ స్టేడియానికి పోతే ఆ పరుగంతా తక్కువ ఆక్సిజన్‌తోనే. ఈ వాయువు మానేసిన ఒకట్రెండు రోజుల్లోనే పోతది. మొదటి లాభం అదే.

మొదటి మూడు రోజులు చిరాకు, తలనొప్పి ఎక్కువ. దగ్గు పెరిగితే భయపడకు, ఊపిరితిత్తులు కఫాన్ని బయటికి తోస్తున్నాయన్నమాట. రక్తం పడినా, ఛాతీ నొచ్చినా మాత్రం డాక్టరు దగ్గరికి పో. గుట్కా, అంబర్ లాంటి నమిలే పొగాకుకు మారడం మానేసినట్టు కాదు; నికోటిన్ అదే, గుండె వేగం అలాగే పెరుగుతది. తట్టుకోలేకపోతే పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356కు ఫోన్ చెయ్, ఉచితం.

పరుగు: వారానికి రెండ్రోజులు 400 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల నడక. ముందు 90 సెకన్లకు, రెండు వారాలకోసారి రెండేసి సెకన్లు తగ్గించు. ఇంకో మూడ్రోజులు మాట్లాడగలిగే వేగంతో అర్ధగంట. అన్నట్టు, మొదటి రౌండే 75లో కొడుతున్నావేమో చూసుకో. మూడో రౌండ్లో పడిపోవడానికి సిగరెట్టొక్కటే కారణం కాకపోవచ్చు.