రోజంతా 'ఇదా, అదా' అని అడగడమేనా ఆప్టోమెట్రిస్ట్ పని?

మీ ప్రశ్న: ఆప్టోమెట్రీలో చేరాలని ఉంది, కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చీకటి గదిలో కూర్చుని "ఇది బాగుందా, అది బాగుందా" అని అడగడమే కదా, కొన్నేళ్లకే విసుగు పుట్టదా?

నేను ఈ పనిలోకి వచ్చి 16 ఏళ్లయింది. విసుగు పుట్టిన మాట నిజమే, అదీ రెండో ఏడాదిలోనే. అప్పటికి నాకు పవర్ చూడటం వచ్చు గానీ, ఎదురుగా కూర్చున్నవాళ్లని అడగడం రాదు.

ముందు చిన్న విషయం చెప్పేస్తాను. మేం ఆపరేషన్లు చేసే కంటి డాక్టర్లం కాదు. చూపు పరీక్ష, కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు, జబ్బు జాడ కనబడితే డాక్టర్ దగ్గరికి పంపడం మా పని. మందులు రాయొచ్చా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. "అయితే డాక్టర్ కాదన్నమాట" అని చుట్టాలు అంటూనే ఉంటారు. దానికి అలవాటు పడాలి.

ఇక ఆ "ఇదా, అదా" సంగతి. కుర్చీలో కూర్చోగానే చాలామంది పరీక్ష హాల్లోకి వచ్చినట్టు బిగుసుకుపోతారు. తప్పు చెబితే తప్పు కళ్లజోడు వస్తుందని టెన్షన్. రెండూ ఒకేలా ఉన్నా ఏదో ఒకటి ఎంచుకుని చెప్పేస్తారు. అందుకే నేను మొదట్లోనే అంటాను, "రెండూ ఒకటే అనిపిస్తే ఒకటే అని చెప్పండి, నాకు కావలసింది అదే" అని. ఊరికే ధైర్యం చెప్పడానికి కాదు. సిలిండర్ పవర్ (కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చేది) సరిచూసేటప్పుడు ఒక అద్దాన్ని తిప్పి చూపిస్తాం, రెండువైపులా ఒకేలా మసగ్గా కనబడిందంటే సరైన చోటికి వచ్చామని లెక్క. ఆ మాట విన్నాక వాళ్ల భుజాలు కిందికి దిగడం చీకట్లో కూడా తెలుస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. తనకి ఏం కనబడటం లేదో మనిషికి తెలియదు. పుట్టినప్పటినుంచీ అలాగే చూస్తున్నవాళ్లు అందరికీ ప్రపంచం అంతే అనుకుంటారు.

ఒక అయిదేళ్ల బాబు వచ్చాడు. నిజానికి వచ్చింది వాళ్లమ్మగారు, తన కళ్లజోడు కోసం. ఊరికే తిరుగుతున్నాడు కదా అని వాణ్నీ కూర్చోబెట్టాను. రెండు కళ్లతో బొమ్మల చార్ట్ చివరి వరస దాకా గడగడా చెప్పేశాడు. ఎడమ కన్ను మూస్తే కూడా ఆగలేదు. కుడి కన్ను మూయగానే నా చెయ్యి తోసేశాడు. మళ్లీ మూశాను. తల పక్కకి వంచి నా వేళ్ల సందులోంచి చూడబోయాడు. "వీడికి అల్లరెక్కువండీ" అన్నారావిడ. అది అల్లరి కాదు. నేను మూసింది వాడికి కనబడే కన్ను.

చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక రెటినోస్కోప్‌తో చూశాను. నాకు బాగా ఇష్టమైన పరికరం ఇది, ఎందుకంటే దీనికి జవాబులతో పనిలేదు. కంట్లోకి సన్నటి వెలుగు గీత వేసి అటూ ఇటూ కదిపితే, లోపల ఎర్రటి మెరుపు దాంతోపాటే కదులుతుందో, ఎదురు కదులుతుందో చూస్తాం. ఆ కదలిక ఆగేదాకా అద్దాలు మారుస్తాం. కుడి కన్ను దాదాపు మామూలే. ఎడమ కంటికి ప్లస్ 4.50 పడింది. చూపు 6/36. అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి పోల్చుకునేది ఆ కన్ను 6 మీటర్లకి వస్తే గానీ పోల్చుకోలేదు. అది పంపే మసక బొమ్మని మెదడు పట్టించుకోవడం మానేసింది. లేజీ ఐ అంటాం. మెల్లకన్ను లేదు, నొప్పి లేదు, కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఏడేళ్లలోపు పట్టుకుంటే చూపు బాగా తిరిగొచ్చే అవకాశం ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ కష్టమవుతుంది.

మొదట కళ్లజోడు. ఆ తర్వాత రోజుకి 2 గంటలు మంచి కంటికి ప్లాస్టర్. మొదటి నెల అది కంటిమీద కంటే వాడి ఎలుగుబంటి బొమ్మ కంటిమీదే ఎక్కువసేపు ఉందట. పది నెలలకి 6/9 వచ్చింది. ఆ రోజు కుర్చీ ఎక్కుతూనే తన చేత్తో తనే కుడి కన్ను మూసుకుని "అడగండి" అన్నాడు.

అన్నీ ఇలా జరగవు. విసుగు పుట్టిందన్నానే, ఆ రోజుల్లోనే ఒకాయనకి కళ్లజోడు ఇస్తే వారానికే దూరం మసగ్గా ఉందని తిరిగొచ్చారు. మళ్లీ చూశాను, పవర్ మారింది. అద్దాలు మార్చాను. మళ్లీ వచ్చారు. తయారు చేసినవాళ్లని తిట్టుకున్నాను, ఆయనే సరిగ్గా చెప్పడం లేదనుకున్నాను. మూడోసారి ఆయన గదిలో కూర్చుని ఒకటే మంచినీళ్లు తాగుతుంటే అప్పుడు వెలిగింది. రక్తంలో చక్కెర బాగా ఎక్కువైతే కంట్లోని లెన్సు మారి పవర్ అటూ ఇటూ అవుతుంది. డాక్టర్ దగ్గరికి పంపితే షుగర్ అని తేలింది. అది అదుపులోకొచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాలు రాయాలి. మొదటి రోజు రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగి ఉంటే సరిపోయేది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

బాగోలేనివి కూడా చెప్పాలి. నడుము నొప్పి ఖాయం. కళ్లజోళ్ల అమ్మకంతో ముడిపడ్డ చోట ఉద్యోగం చేస్తే టార్గెట్లు ఉంటాయి. నా మొదటి ఉద్యోగంలో అవసరం లేని కోటింగులు అంటగట్టమనేవారు, ఏడాదిన్నరలో బయటికొచ్చేశాను. చదువులో కాంతిశాస్త్రం చాలా ఉంటుంది. ఫిజిక్స్ అంటే భయమైతే మొదటి రెండేళ్లు ఏడిపిస్తుంది.

మీరు అడిగిన విసుగు గురించి ఆలోచిస్తే నాకు ఒక పెద్దావిడ గుర్తొస్తారు. రెటీనా, అంటే కంటి వెనక బొమ్మ పడే పొర, దాని మధ్యభాగం దెబ్బతింది, డాక్టర్లు చేయగలిగింది చేశారు, కొత్త అద్దాలతో పెరిగేదేమీ లేదు. ఆ మాట నేను చెప్పాల్సి వచ్చింది. తోడు వచ్చిన కూతురు కాసేపాగి, "ఈ మధ్య అమ్మ నా మొహం చూసి మాట్లాడటం లేదండీ, నా మీద కోపమేమో" అంది. నేను ఆవిణ్ని అడిగాను, అమ్మాయి మొహం ఎలా కనబడుతోందని. "నేరుగా చూస్తే మొహం ఉండాల్సిన చోట మచ్చే కనబడుతుంది బాబూ, చెవి వైపు చూస్తే మొహం కాస్త తెలుస్తుంది" అన్నారు. ఎవరూ నేర్పకుండానే పక్కచూపుని వాడుకోవడం నేర్చేసుకున్నారు. మేం కొన్ని వారాలపాటు చేయించే సాధన అదే.

ఒక భూతద్దం, మంచి దీపం ఇచ్చి, ఎటు చూస్తే ఎక్కువ తెలుస్తుందో ఇద్దరం కలిసి వెతికాం. వెళ్లేటప్పుడు కూతురు కుర్చీ దగ్గరికి జరుపుకుని, తల్లి ఎటు చూస్తున్నారో చూసి, తన తల కాస్త పక్కకి జరిపింది. "ఇప్పుడు కనబడుతున్నావే" అన్నారు ఆవిడ.