అమెరికా నగరాల హైస్కూళ్లు నల్లజాతి క్రీడాకారులను కాలేజీ అర్హతకు ఎలా సిద్ధం చేస్తాయి?

స్కూల్ పాసైతే చాలదు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే ఆ సంస్థ ఆమోదించిన 16 కోర్ కోర్సుల్లో (ఇంగ్లీషు, గణితం, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టుల్లో) 4కి కనీసం 2.3 జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, ఉండాలి. అసలు చిక్కు గడువుతోనే: వాటిలో 10 చివరి సంవత్సరానికి ముందే ముగించాలి, ఆ సంవత్సరం మొదలయ్యాక వాటిని మళ్లీ చదివి గ్రేడ్లు పెంచుకోవడం కుదరదు. అందుకే తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా తప్పిన పిల్లాణ్ని అప్పుడే పట్టుకోవాలి. మంచి స్కూళ్లలో కౌన్సెలర్, కోచ్ కలిసి ప్రతి సెమిస్టర్ ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల పట్టిక) చూస్తారు, ప్రాక్టీసుకు ముందు ట్యూషన్ పెడతారు. నిధుల్లేని స్కూళ్లలో ఒక్క కౌన్సెలర్‌కు వందల మంది విద్యార్థులు. అక్కడ పిల్లాడి ఆట అందరూ చూస్తారు, ట్రాన్‌స్క్రిప్ట్ ఎవరూ చూడరు. ఇది ఘోరమైన అన్యాయం. కాలేజీ ప్రవేశ పరీక్షలైన ఎస్‌ఏటీ, ఏసీటీ స్కోర్ల నిబంధన మాత్రం 2023లో పోయింది.