నల్లరేగడిలో కట్టిన ఇల్లు పగిలితే కాంట్రాక్టరు బాధ్యతను ఎలా రుజువు చేయాలి?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లా దెగ్లూరులో కట్టించిన కొత్త ఇంటికి రెండో వానాకాలం దాటేసరికి మూలల్లో పగుళ్లు వచ్చాయని, కాంట్రాక్టరు మాత్రం "ఇది నల్లరేగడి, నేల కుంగితే నేనేం చేయను" అంటున్నాడని మీరు రాశారు. ధర్మాబాద్‌లో మా ఇంటి విషయంలో మేమూ ఇదే మాట విన్నాం. ఆ మాటకు బెదరకండి. అది మీకే పనికొస్తుంది. వీలైతే దాన్ని ఆయన చేత వాట్సాప్‌లో రాయించుకోండి.

నాందేడ్ జిల్లాలో పునాది తీసే ప్రతి మేస్త్రీకీ నల్లరేగడి స్వభావం తెలుసు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. మన దేశంలోని రేగడి నేలల్లో ఈ కదలిక దాదాపు మూడున్నర మీటర్ల లోతు వరకు ఉంటుందని ఇంజనీర్లు లెక్కగడతారు. అందుకే పునాదిని గట్టి మొరం తగిలేదాకా దింపాలి, అది కుదరకపోతే అండర్‌రీమ్డ్ పైల్స్ (లోతుగా దింపి, అడుగు భాగాన్ని ఉబ్బెత్తుగా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలు) వేయాలి. వాటి నిర్మాణ పద్ధతిని భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం వివరంగా చెబుతుంది. నేల సంగతి తెలిసి కూడా దానికి తగిన పునాది వేయనివాడు తర్వాత ఆ నేలనే సాకుగా చూపలేడు. మీ వాదనకు ఇదే వెన్నెముక.

ముందుగా పగుళ్లను వేరుచేయండి. పిల్లరూ గోడా కలిసేచోట నిలువుగా వచ్చే సన్నగీత, స్లాబు కింద అడ్డంగా పోయే గీత చాలావరకు ప్లాస్టరింగ్ వల్లో, ఎండకు స్లాబు సాగడం వల్లో వస్తాయి. వాటిని పట్టుకుని కేసు నడపకండి, అసలు విషయం పలచబడుతుంది. కిటికీ మూల నుంచి ఇటుకల అతుకుల వెంట మెట్లుమెట్లుగా ఏటవాలుగా పోతూ, గోడకు రెండు వైపులా కనిపించే పగులు పునాది ఒకవైపు కుంగిందని చెప్పే గుర్తు. మా ఇంజనీరు అలాంటి పగులుకు అడ్డంగా సన్నని గాజు పలకను రెండు చివరలా సిమెంటుతో అతికించి, పక్కన గోడ మీద తేదీ రాశారు. ఏప్రిల్‌లో అతికించిన పలక ఆగస్టులో నడిమికి విరిగింది. గోడ ఇంకా కదులుతోందని చెప్పడానికి అంతకన్నా సులువైన సాక్ష్యం లేదు. ఆ పగుళ్లను పూడ్చి రంగు వేయించాలన్న తొందర మాత్రం వద్దు. ప్రమాదమనిపిస్తే ఊతకర్రలు పెట్టించి, ఫొటోలు తీసి ఉంచండి.

అసలు నిజం బయటపడింది గోతిలో. డ్రాయింగ్ ప్రకారం మా ఫుటింగు (పునాది అడుగున వేసే వెడల్పాటి దిమ్మె) ఆరడుగుల లోతున మొరం మీద కూర్చోవాలి. కుంగిన మూల పక్కన తవ్వించి టేపు దింపితే మూడున్నర అడుగుల దగ్గరే ఫుటింగు అడుగు తగిలింది. దాని కింద గునపంతో పొడిస్తే మొనకు జిగటగా నల్లమట్టి అంటుకుని వచ్చింది. టేపు, తేదీ రాసిన పలక, పక్కన నిలబడ్డ ఇంజనీరు ఒకే ఫొటోలో పడేలా తీశాం. తవ్వడానికి ముందే తేదీ, సమయం చెప్పి కాంట్రాక్టరును రమ్మని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాం. ఆయన రాలేదు. ఆ ఉత్తరం, అది అందిన రుజువు ఫైల్లో ఉన్నాయి కాబట్టి "నాకు తెలియకుండా తవ్వారు" అనే అవకాశం ఆయనకు పోయింది. మీరు తవ్విస్తే వేసవిలో, ఇంజనీరు చూపిన ఒక్కచోటే, కొద్దిమేరకే తవ్వించి వెంటనే పూడ్పించండి. పునాది చుట్టూ తవ్వితే నష్టం మీ చేతులతోనే పెరుగుతుంది.

కాంక్రీటు మీద కూడా అనుమానముంటే రీబౌండ్ హామర్ (కాంక్రీటుకు తాకించి గట్టిదనం చూసే పరికరం) ఒక్కటే సరిపోదు, అది పైపొర గట్టిదనాన్ని మాత్రమే సూచిస్తుంది. కోర్, అంటే కాంక్రీటును తొలిచి తీసిన గుండ్రటి ముక్క, తీయించి ప్రయోగశాలలో పరీక్షించడం మేలు. కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం కోర్ల సగటు బలం నిర్దేశించిన బలంలో కనీసం 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

ఇంజనీరు నివేదికలో "పనితనం నాసిగా ఉంది" అని రాస్తే దేనికీ పనికిరాదు. ఒప్పుకున్నది ఇది, కట్టింది ఇది, ఈ తేడా వల్లే ఈ పగులు వచ్చింది అని మూడూ గొలుసుగా ఉండాలి. అవతలివారు చూపించబోయే కారణాలకు కూడా అందులోనే జవాబు ఉండాలి: గోడ పక్కన పెద్ద చెట్టు ఉందా, సెప్టిక్ ట్యాంకు కారుతోందా, మీరు తర్వాత పై అంతస్తు వేశారా? మా కాంట్రాక్టరు భూకంపాన్ని తెచ్చాడు. 2024 మార్చి 21న హింగోలి జిల్లాలో 4.5 తీవ్రతతో భూమి కంపించింది, నాందేడ్‌లోనూ తెలిసింది. 1993 కిల్లారి భూకంపాన్ని ఎరిగిన ప్రాంతం కాబట్టి ఆ మాట వినగానే ఎవరైనా తలూపుతారు. కానీ ఆ ఏడాది సంక్రాంతికి మా అమ్మాయి ముగ్గు పక్కన దిగిన ఫొటోలో వెనుక గోడ మీద అదే పగులు స్పష్టంగా ఉంది. అలాంటి ఫొటోలు వెతకండి, అవి తీసిన ఫోను దాచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అదే వీధిలో అదే కాలంలో లోతు పునాదితో కట్టిన ఇల్లు చెక్కుచెదరకుండా ఉంటే దాని ఫొటో కూడా పెట్టండి.

ఇల్లు కట్టిపెట్టడం వినియోగదారుల చట్టం కింద సేవ అవుతుందని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. 2019 చట్టంలో సేవ నిర్వచనంలోనే గృహనిర్మాణం ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీ కాంట్రాక్టరు నిజామాబాద్ వైపు మనిషైనా ఫరవాలేదు, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కు ఈ చట్టం ఇచ్చింది. ఒప్పందం తెలుగులో రాసుకుని ఉంటే మరాఠీ లేదా ఇంగ్లీషు అనువాదం ఇప్పుడే చేయించండి. సరిహద్దు ఊళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. కాంట్రాక్టరు "చేయిస్తా, చేయిస్తా" అంటూ నెలలు గడిపినంత మాత్రాన అది ఆగదని గుర్తుంచుకోండి. రెరాలో (స్థిరాస్తి నియంత్రణ చట్టంలో) చెప్పే ఐదేళ్ల నిర్మాణ లోపాల బాధ్యత బిల్డరు దగ్గర కొన్న ఇళ్లకు సంబంధించినది. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకున్న మనకు అది వర్తించదు. మా వ్యవహారంలో నివేదిక, గోతి ఫొటోలు కమిషన్‌కు చేరాక కాంట్రాక్టరు రాజీకి వచ్చి పునాది బలపరిచే ఖర్చు చెల్లించాడు.

మీది సామగ్రితో కలిపి ఇచ్చిన కాంట్రాక్టా, కూలీ మాత్రమేనా అన్నది మీ ప్రశ్నలో లేదు. పునాది లోతు ఎవరు నిర్ణయించారో, డ్రాయింగ్ ఎవరిదో కూడా చెప్పండి. డ్రాయింగ్‌లోనే లోతు తక్కువగా ఉంటే, దాన్ని గీసిన ఇంజనీరును కూడా ఫిర్యాదులో చేర్చాల్సి వస్తుంది.