నారింజ రంగు వేయించే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన షేడ్ కార్డు ఫోటో చూశాను. హాలు నాలుగు గోడలకీ ఆ నారింజే వేయించేద్దామని నీకుందనీ, అల్లుడుగారు మాత్రం తెలుపే నయమంటున్నారనీ రాశావు. మీ ఇద్దరి మధ్య తీర్పు చెప్పడానికి కాదుగానీ, 30 ఏళ్లు రంగుల డబ్బాల మధ్యే బతికినవాణ్ని కదా, తెలిసింది చెప్తాను. నారింజ నాకు ఇష్టమైన రంగు. ఇష్టం కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఆ కార్డు ముక్కను పక్కన పెట్టెయ్. బొటనవేలంత ముక్కలో ఒద్దికగా ఉన్న రంగు గోడంతా పరుచుకుంటే ఇంకోలా ఉంటుంది. నారింజ గోడకు తగిలిన వెలుతురులో నీలం చాలావరకు గోడలోనే ఇంకిపోతుంది, మిగిలింది ఎదురుగోడ మీద పడుతుంది. ఆ ఎదురుగోడ కూడా నారింజే అయితే అక్కడ ఇంకాస్త ఇంకుతుంది. అలా అటూ ఇటూ తిరిగేకొద్దీ రంగు చిక్కబడుతూ పోతుంది. తెల్లటి సీలింగు కూడా లేత నారింజకు తిరుగుతుంది. కర్టెన్లకూ, నువ్వు కట్టుకున్న తెల్ల చీరకూ, అద్దంలో నీ ముఖానికీ ఆ ఛాయ పాకుతుంది. పనిలోకి వచ్చిన కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పేవాణ్ని, ఈ రంగును గోడకు కాదు, గదికి వేస్తున్నామని గుర్తుపెట్టుకోండిరా అని.

ఇది నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది. పెళ్లైన కొత్తలో మా పడకగది నాలుగు గోడలకూ మంట లాంటి నారింజ వేశాను. దుకాణంలో ట్యూబులైటు కింద చూసి తెచ్చిన షేడు అది. రెండో రోజు బానే ఉందన్నాం. మూడో రోజు రాత్రి మీ అత్తయ్య దిండు తీసుకుని హాల్లోకి వెళ్లి పడుకుంది. గదిలో ఉక్కగా ఉందంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కిటికీలు తీసే ఉన్నాయి. వారం తిరగకుండా దాని మీద తెలుపు వేశాను. రెండు కోటింగులు వేసినా పగటి వెలుతురులో అడుగు నుంచి నారింజ ఛాయ కనిపిస్తూనే ఉంది. చివరికి మళ్లీ ప్రైమర్ కొట్టి మొదటినుంచి మొదలుపెట్టాను. నువ్వు అంత శ్రమ పడకూడదనే నా తాపత్రయం.

అందుకని నా మాట విని ఒక గోడకే వెయ్యి. గుమ్మంలోంచి లోపలికి వస్తూ చూసే గోడ అయితే మంచిది, గంటల తరబడి ఎదురుగా కూర్చుని చూసే గోడ వద్దు. మిగతా మూడింటికీ పసుపు ఛాయ కలిసిన మెత్తటి తెలుపు వేయించు. నీలం ఛాయ ఉన్న చురుకైన తెలుపు నారింజ పక్కన కళ్లకు గుచ్చుకుంటుంది. తలుపులు చెక్కవైతే వాటిని చెక్క రంగులోనే ఉండనివ్వు, నారింజకు చెక్కను మించిన తోడు లేదు.

ఇక వెలుతురు సంగతి. మీ హాలు కిటికీలు ఎటున్నాయో నువ్వు రాయలేదు. ఎండ నేరుగా పడని, కాస్త చల్లగా, బూడిదగా ఉండే గదైతే నారింజ దానికి ప్రాణం పోస్తుంది. పడమటి కిటికీ ఉండి సాయంత్రం ఎండ నేరుగా ఆ గోడనే తాకితే మాత్రం ఆ గంటసేపు గోడ కణకణలాడుతుంది. అప్పుడు వేరే గోడ ఎంచుకో. చీకటి పడ్డాక బల్బుల వంతు. బల్బు వెలుతురు ఛాయను కెల్విన్లలో చెప్తారు. 2700 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు ఛాయ బల్బు కింద నారింజ ఇంకా వెచ్చబడుతుంది. 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద అదే గోడ బురద పూసినట్టు కనిపించొచ్చు. గోడకు పెట్టే ఖర్చులో కొంచెం బల్బుల మీద పెట్టు. ఇంకో చిత్రం, దీపాలు వెలిగించకముందు సందె చీకట్లో ఎరుపు, నారింజ ముందే నల్లబడిపోతాయి, నీలాలు ఇంకా తేటగా కనిపిస్తుంటాయి. మసక వెలుతురులో మన కన్ను పనిచేసే తీరే అంత. పుర్కిన్యే అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదట్లోనే దీన్ని గమనించి చెప్పాడు. కాబట్టి సందెవేళ గోడ దిగాలుగా కనిపించిందని కంగారుపడి షేడు మార్చెయ్యకు.

ఏ నారింజ అంటావా? నీకు నచ్చిన దానికంటే ఒక మెట్టు మట్టి వైపు దిగు. కాల్చిన ఇటుక వైపు ఒరిగిన నారింజ కళ్లకు హాయి. నేను అనేది అందం ఒక్కటే చూసుకుని కాదు. ఇటుక రంగులూ కావి రంగులూ ఐరన్ ఆక్సైడ్ నుంచి వస్తాయి. పసుపు మట్టిని కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రమట్టి అయ్యేది దాని వల్లే. అవి గోడను బాగా కప్పుతాయి, ఎండకు వెలిసిపోవు. మెరిసే నారింజల్లో వాడే రంగు పొళ్లు వేరు. వాటిలో చాలావాటికి కప్పే గుణం తక్కువ, కొన్ని ఎండకు వెలిసిపోతాయి కూడా. పైగా అలాంటి గాఢమైన షేడ్లకు తెల్లపొడి తక్కువ ఉన్న బేస్ (షేడు కలపకముందు ఉండే అసలు పెయింటు) వాడతారు. దాంతో రెండు కోటింగుల్లో అయిపోవాల్సింది మూడు, నాలుగు పడుతుంది. మెరిసేదే కావాలని నువ్వు పట్టుబడితే, ప్రైమర్లోనే కొంచెం ఆ షేడు కలిపించు. తెల్ల ప్రైమర్ మీద మొదటి కోటింగు చారలు చారలుగా వచ్చి నీ గుండె జారిపోకుండా ఉంటుంది.

ఏది ఖాయం చేసుకునే ముందైనా చిన్న డబ్బా ఒకటి తెప్పించి, రెండడుగుల చదరం అట్టకు రెండు కోటింగులు వెయ్యి. ఆరాక దాన్ని ఆ గోడకు ఆనించు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, దీపాల కింద, నాలుగు వేళలా చూడు. మూలకు జరిపి చూడు, కిటికీ పక్కన పెట్టి చూడు. అట్టను అరనిమిషం రెప్ప వేయకుండా చూసి, చప్పున తెల్లగోడ వైపు తిరుగు. అక్కడ అట్ట ఆకారంలోనే లేత నీలి మచ్చ తేలుతుంది. నారింజ చూసి అలిసిన కన్ను తనకు తానే నీలం కల్పించుకుంటుందన్నమాట. నీలి దిండ్లో, నీలి పూలకుండో ఆ గోడ దగ్గర పెడితే గది కుదురుకునేది ఇందుకే. ఫ్రాన్సులో గోబెలిన్స్ అనే నేతశాలలో అద్దకాల మీద ఫిర్యాదులు వస్తుంటే, అక్కడి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ తప్పు అద్దకంలో లేదనీ, పక్కనున్న దారం రంగు వల్లే అలా కనిపిస్తోందనీ తేల్చాడు. 1839లో దాని మీద పుస్తకమే వేశాడు. రంగు ఎలా కనిపించేదీ సగం పక్కనున్న రంగు చేతిలోనే ఉంది తల్లీ. నీలం మాత్రం ఎక్కువ వద్దు, రెండు మూడు చోట్ల చాలు.

గోడ సంగతి క్లుప్తంగా చెప్తాను. చెమ్మ ఉంటే ముందు అది మానాలి, లేకపోతే ఎంత మంచి రంగైనా పెచ్చులూడుతుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వు. పచ్చి గోడలోని క్షారం కొన్ని రంగులను పాడుచేస్తుంది. లప్పం పెట్టి, సాండ్ పేపర్ కొట్టి, దుమ్ము తుడిచాకే ప్రైమర్.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకు. మీ ఇల్లు పాతది. తలుపుల మీద, కిటికీ ఊచల మీద పాత ఎనామిల్ పెయింటు ఉంటే దాన్ని పొడిగా గీకించొద్దు. ఒకప్పుడు పసుపు, నారింజ పెయింట్లలో సీసం కలిసేది. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు, ఇంత వరకైతే పర్వాలేదు అనే హద్దు దానికి లేదు. ముందు పరీక్ష చేయించు. సీసం ఉందని తేలితే తెలిసినవాళ్ల చేతే, తడిపి తీయించు. ఆ రోజుల్లో పాపను ఇంట్లో ఉంచకు.

డబ్బాలు ఎన్నని కదా అడిగావు. నున్నటి గోడకు లీటరు రంగు ఒక కోటింగుకు సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడకు మూడు కోటింగులంటే మూడున్నర లీటర్లు పడుతుంది. నాలుగు తీసుకో, మిగిలింది మరకలు దిద్దుకోవడానికి ఉంటుంది. డబ్బాలన్నీ ఒక బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టమను. ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ పిసరంత తేడా ఉన్నా నారింజ దాచదు, గోడ మధ్యలో గీత పడుతుంది. మాట్ ఫినిష్ తీసుకో, మెరుపు ఫినిష్ గోడ ఎత్తుపల్లాలన్నీ చూపిస్తుంది. గోడ మొదలుపెట్టాక ఆ చివరిదాకా ఆగకుండా వేయాలి. అంచు ఆరాక మళ్లీ అందుకుంటే అతుకు తెలిసిపోతుంది.

అట్ట వేశాక నాకు ఫోటో పంపకు. ఫోను దానికి తోచిన తెలుపు పట్టుకుని మిగతా రంగులన్నీ దిద్దేస్తుంది, నువ్వు పంపిన షేడ్ కార్డు కూడా అసలు ఏ రంగో నాకు ఇప్పటికీ తెలియదు. ఆదివారం సాయంత్రం నేనూ మీ అత్తయ్యా వస్తాం. దీపాలు వేయకముందే వస్తాం, వేసేదాకా కూర్చుంటాం. అట్టను ఆ గోడకే ఆనించి ఉంచు.

నీ మామయ్య