కమిట్ చరిత్ర ఏఐకి అర్థమయ్యేలా ఉంటే ఉద్యోగానికి లాభమా?

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాజెక్టు గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే టూల్) చరిత్రను ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కు ఇచ్చి, ఫలానా మార్పు ఎందుకు చేశామని అడిగితే పొంతన లేని జవాబులు వస్తున్నాయి. దీన్ని సరిచేసుకోవడంపై సమయం పెట్టాలా, లేక మరో ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలా?

జవాబు: ఈ రెండింటికీ పోటీ పెట్టవలసిన అవసరం లేదు, ఎందుకంటే మీరు అడిగిన దానిలో సాంకేతిక భాగం ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. ఆ చరిత్రను చూపే గిట్ లాగ్ ఆదేశం మామూలుగా ప్రతి కమిట్‌కూ (నమోదు చేసిన ఒక్కో మార్పుకూ) 40 అక్షరాల హ్యాష్ (దాని గుర్తింపు కోడ్), రచయిత ఈమెయిల్, పూర్తి తేదీ చూపిస్తుంది. దానికి తోడు మార్పుల వివరాలు కూడా కోరితే, ప్యాకేజీ లాక్ ఫైల్‌లో (ప్రాజెక్టు వాడే లైబ్రరీల వెర్షన్లను నమోదు చేసే ఫైల్) టూల్ తనంతట తాను రాసిన వేల పంక్తుల కింద అసలు మార్పు మునిగిపోతుంది. అసిస్టెంట్ ఒకసారికి చదవగలిగే పాఠానికి పరిమితి ఉంటుంది కాబట్టి, ప్రెటీ (--pretty), స్టాట్ (--stat) ఆప్షన్లతో చిన్న హ్యాష్, తేదీ, శీర్షిక, మారిన ఫైళ్ల పేర్లు మాత్రమే తీసుకుని, లాక్ ఫైళ్లను మినహాయించండి. సందేహం ఒక్క ఫంక్షన్ గురించే అయితే, లాగ్‌కు పెద్ద అక్షరం ‘ఎల్’ (-L) ఆప్షన్ ఇచ్చి ఆ పంక్తుల చరిత్రనే పంపవచ్చు.

అయితే మీ చిక్కు బహుశా ప్రతి కమిట్‌తో పాటు మీరు రాసే సందేశాల్లోనే ఉంది. ‘ఫిక్స్’, ‘మళ్లీ ఫిక్స్’, ‘ఫైనల్’ అని రాసుకున్న చరిత్రను ఎంత పొందికగా అమర్చి ఇచ్చినా, అందులో లేని కారణాన్ని అసిస్టెంట్ ఊహించి చెప్పవలసిందే. ‘లాగిన్ గడువు 30 నిమిషాలకు తగ్గింపు’ అని సుమారు 50 అక్షరాల లోపు శీర్షిక పెట్టి, ఒక ఖాళీ పంక్తి వదిలి, ‘ఉమ్మడి కంప్యూటర్లలో లాగౌట్ చేయని ఖాతాలు తెరిచే ఉంటున్నాయి, గడువును 10 నిమిషాలు చేసి చూస్తే ఫారం నింపుతుండగానే సెషన్ ముగిసిపోతోంది’ అని రాసి ఉంటే, మనిషికైనా ఏఐకైనా ఆ మార్పు వెనుక ఉన్న ఆలోచన, వదిలేసిన మార్గం రెండూ తెలుస్తాయి. కోడ్‌ను చూసి ఏం మారిందో ఎవరైనా చెప్పగలరు గానీ, ఎందుకు మారిందో రాసినవారే చెప్పాలి.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగే ప్రశ్నల్లో చాలావరకు ఈ ‘ఎందుకు’ చుట్టూనే తిరుగుతాయి. అందువల్ల రెజ్యూమెలో ‘గిట్ తెలుసు’ అన్న వాక్యం కన్నా, ఇలాంటి చరిత్ర ఉన్న ఒక్క రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) లింకు ఎక్కువ బలం. అలాగని పాత సందేశాలన్నీ ఇప్పుడు తిరగరాయడానికి కూర్చోకండి. అందుకోసం రీబేస్ (పాత కమిట్లను తిరిగి రాసే గిట్ ఆదేశం) చేస్తే హ్యాష్‌లు మారిపోయి, అదే బ్రాంచ్‌పై పనిచేస్తున్న మీ సహవిద్యార్థులకు ఇబ్బంది అవుతుంది. తర్వాతి కమిట్ నుంచి మొదలుపెట్టండి.