ఘనోత్ప్రేరకమా, ఘన ఉత్ప్రేరకమా?

సందేహం: మా అమ్మాయి పరిశోధన గురించి తెలుగులో రాస్తూ ‘పర్యావరణహిత ఆక్సీకరణ చర్యలకు పునర్వినియోగ ఘన ఉత్ప్రేరకాలు’ అని పేరు పెట్టాను. సంధి చేసి ‘ఘనోత్ప్రేరకాలు’ అనాలని మా తెలుగు మాస్టారు అంటున్నారు. ఏది ఒప్పు? – ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: ఉత్ప్రేరకం అంటే తాను ఖర్చైపోకుండా రసాయన చర్యను వేగపరిచే పదార్థం, ఇంగ్లీషులో కెటలిస్ట్. గట్టి పదార్థంగా ఉంటే ఘన ఉత్ప్రేరకం. మాస్టారి మాట కొట్టెయ్యలేను. రెండూ సంస్కృతం మాటలే, సమాసం అయింది, గుణసంధి రావాల్సిందే. కానీ ‘ఘనోత్ప్రేరకం’ అంటే నా చెవికి ఏదో ఘనత వహించిన ఉత్ప్రేరకంలా వినిపిస్తుంది. మేఘమూ ఘనమే, లెక్కల్లో మూడో ఘాతమూ ఘనమే, ఆ గొడవ వద్దు.

నన్ను ఎన్నాళ్లుగానో గిల్లుతున్నది అసలు ‘ఉత్ప్రేరకం’ అన్న మాట. విడదీస్తే ఉత్, ప్ర, ఈరకం. ‘ఈర్’ ధాతువుకు కదలడం, కదిలించడం అని అర్థం. గాలికి సమీరం అన్న పేరు అందులోంచే వచ్చింది. ప్రేరణ ముందుకు తొయ్యడం, దానికి ‘ఉత్’ తగిలిస్తే పైకి ఎగదొయ్యడం. 1835లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ గ్రీకు నుంచి తెచ్చిన ‘కెటాలిసిస్’లోనేమో ‘కటా’ కిందికి, ‘లైసిస్’ విప్పడం. వాళ్లు కిందికి విప్పారు, మనం పైకి తోశాం! నిజానికి ఉత్ప్రేరకం దేన్నీ ఎగదొయ్యదు. చర్య జరగాలంటే ఎక్కాల్సిన శక్తి మిట్టను తప్పించి పల్లపు దారి చూపిస్తుంది.

పైగా వ్యాకరణంలో ప్రేరణార్థకం అంటే ‘చేయించు’. చేయించేవాడు గట్టున నిలబడతాడు. ఉత్ప్రేరకం తానే మడిలో దిగుతుంది. టైటానియం సిలికలైట్ అని ఒక తెల్లటి పొడి ఉంది, సిలికాలో కాస్త టైటానియం ఇమిడ్చి కట్టింది. అందులోని టైటానియం హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ అందుకుని ప్రొపిలీన్ అనే వాయువుకు అందిస్తుంది; ఆక్సీకరణం అంటే ఇలాంటిదే. ఫోమ్ పరుపులకు కావాల్సిన సరుకు తయారవుతుంది, పక్కన మిగిలేది నీళ్లు. అలా కాకుండా డైక్రోమేట్ అనే క్రోమియం లవణంతో ఆక్సీకరణాలు చేస్తే విషపు క్రోమియం మడ్డి మిగులుతుంది. పని అయ్యాక ఆ పొడిని వడగట్టి, రంధ్రాల్లో పేరుకున్న మసిని గాలిలో కాల్చేస్తే మళ్లీ పనికొస్తుంది.

చాలామంది ఉత్ప్రేరకాన్ని పాలల్లో వేసే తోడుతో పోలుస్తారు. తోడు పెరుగులో కలిసిపోతుంది, తిరిగి తియ్యగలరా? నేనైతే కవ్వం అంటాను. మా అమ్మ మజ్జిగ చిలికాక కవ్వాన్ని కడిగి మేకుకు తగిలించేది, మర్నాటికి సిద్ధం. కవ్వానికి రసాయనం తెలియదనుకోండి, కానీ తిరిగి చేతికి వస్తుంది కదా.

ఇక మీ శీర్షికలో నాకు నచ్చనిది ‘పునర్వినియోగ’. వినియోగం నామవాచకం, దాన్ని అలా మొండిగా ఉత్ప్రేరకం ముందు నిలబెడితే పునర్వినియోగాన్ని ప్రేరేపించేది అనైనా అనుకోవచ్చు. ‘మళ్లీ వాడుకోగల’ అంటే ఎవరికీ టెన్షన్ లేదు. ‘ఆక్సీకరణ చర్య’లో కరణం అంటేనే చేయడం, మళ్లీ చర్య ఎందుకో! అందరూ అంటున్నారు కాబట్టి ఊరుకుంటున్నాను.

వ్యాసంలో ‘ఘన ఉత్ప్రేరకం’ అనే ఉంచండి, మాస్టారు పట్టుబడితే సంధి చేసినా తప్పు లేదు. అయితే ముందు అమ్మాయిని ఒకటి అడగండి: వేడిగా ఉండగానే పొడిని వడగట్టేశాక కూడా ఆ ద్రవంలో చర్య సాగుతోందా అని. సాగుతుంటే పొడిలోని లోహం కరిగి ద్రవంలోకి దిగిందన్నమాట. అప్పుడు ‘ఘన’ అన్న మాటే చెల్లదు, ఇక సంధి ఎక్కడ?