క్వారీ తెరిచే ముందు గుంత లెక్క

చిరంజీవి నరేశ్‌కు మామయ్య ఆశీస్సులు.

మన చంద్రపూర్ జిల్లా కోర్పనా వైపు నల్లరాయి క్వారీ కోసం నువ్వు వేసిన అంచనా చూశాను. మిషన్ల ధరలు రూపాయితో సహా రాశావు గానీ, గుంత లెక్కే తప్పింది. రెండు హెక్టార్లను 18 మీటర్ల లోతుతో గుణించి 3.6 లక్షల ఘనపు మీటర్లన్నావు. అంత రాయి రాదు.

జాగా 200 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు. హద్దు చుట్టూ 7.5 మీటర్లు వదిలితే మిగిలేది 185కి 85. గుంతను మెట్లుగా తవ్వుతూ దిగాలి, ఒక్కో మెట్టు అంటే బెంచ్ ఎత్తు 6, వెడల్పూ 6 అనుకుంటే రెండోది 173కి 73, మూడోది 161కి 61. మూడూ కలిపి 2.29 లక్షల ఘనపు మీటర్లే. ఘనపు మీటరుకు 2.8 టన్నుల చొప్పున చూస్తే, పది లక్షల టన్నులన్నది 6.4 లక్షలకు దిగింది. పైమట్టీ, పుచ్చిన రాయీ ఇందులోంచే పోవాలి. దారి సంగతి వేరే ఉంది. 16కి 1 వాలుతో 18 మీటర్లు దిగాలంటే 288 మీటర్ల దారి కావాలి, గుంత పొడవేమో 185. మలుపు తప్పదు, ఆ మలుపు కింద ఉన్న రాయి నీకు దక్కదు. టన్నుకు పెట్టుబడి ఎంత పడుతుందో ఇవన్నీ తీసేశాక చూడు.

అమ్మదగ్గ రాయి తగిలేదాకా తీసే మట్టికే మొదట్లో ఎక్కువ పైసలు పోతాయి. కాబట్టి ముందు గడులుగా బోర్లు వేయించి, నల్లరేగడి ఎంత మందం, దాని కింద మొరం ఎంత మందం చూసుకో. బోరు వేయని అంచనా చాలా అటో ఇటో పోతుంది. రెండు మీటర్ల మట్టే అనుకున్నా, గుంతంతా ఒకేసారి ఒలిస్తే 31,450 ఘనపు మీటర్లు. మట్టి పలచగా ఉన్న మూలన 60కి 50 మీటర్ల ముక్క తెరిస్తే 6,000తో రాయి కనబడుతుంది. మిగతాది గిట్టి, అంటే కంకర, అమ్మిన పైసలతో తీసుకోవచ్చు. రేగడిని విడిగా పోయించు, గుంత పూడ్చేనాడు కావాలి. మొరం దారికి వాడు, బయట కొనకు. మట్టి కుప్ప మాత్రం రేపు తవ్వబోయే చోట పోశావో, రెండుసార్లు ఎత్తినట్టే.

టిప్పర్లు ఐదు రాశావు. ఎందుకు? ఘనపు మీటరు బకెట్ ఉన్న ఎక్స్‌కవేటర్ ఒక్కో ఎత్తుకు 25 సెకన్లు తీసుకుంటుంది. బకెట్ 85 శాతమే నిండుతుంది, తవ్విన మట్టి 1.35 రెట్లు ఉబ్బుతుంది, గంటలో పని జరిగేది 50 నిమిషాలు. ఇవన్నీ చూస్తే గంటకు 75 ఘనపు మీటర్లు. 14 ఘనపు మీటర్ల టిప్పర్ నిండడానికి 17 బకెట్లు, అంటే ఏడు నిమిషాలు. పోయి, పోసి, తిరిగి రావడానికి 13 నిమిషాలైతే చుట్టు 20 నిమిషాలు. మూడు టిప్పర్లు చాలు. నాలుగోది లైన్‌లో నిలబడి డీజిల్ తాగుతుంది. మట్టి పని ఎన్నాళ్లో తేలేదాకా కిరాయి మిషన్లే పెట్టు, క్రషర్‌కు మాత్రం సొంత పెట్టుబడి. బ్లాస్టింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టర్‌కు ఇచ్చెయ్, మందుగుండు గోదాము నీకెందుకు?

దసరా పోయాక మొదలుపెట్టు. మే నెలాఖరుకు వాన నీళ్లు చేరే సంపు, చుట్టూ కాలువ, మొరం దారి అయిపోవాలి. జూన్‌లో రేగడి మీద టిప్పర్ దిగబడితే కిరాయి ఆగదు కదా.

నీ కాగితంలో అసలే లేనిది చేతి ఖర్చు. రాయల్టీ ముందే కట్టాలి, గిట్టి కొనే కాంట్రాక్టర్ పైసలేమో రెండు నెలలకొస్తాయి. జీతాలు, డీజిల్, కిరాయి కలిపి మూడు నెలలది పక్కన పెట్టు.

అన్నిటికన్నా ముందు సాత్‌బారా, అదే మహారాష్ట్ర భూమి రికార్డు, తియ్యి. అందులో ‘ఝుడ్పీ జంగల్’ (తుప్పల అడవి) అని ఉంటే అది అడవి భూమే అని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ జాగా వదిలెయ్. ‘వర్గ 2’ (షరతులున్న భూమి) అని ఉంటే కలెక్టర్ అనుమతి కావాలి. ఆ కాగితం, బోర్ల లెక్క నాకు పంపేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామయ్య
రాజురా